గురివింద కళ్ల పిట్ట

ములకలపల్లి దగ్గర మా షెడ్డు తాళాలు మొన్న అప్పజెప్పేశాను. తీసుకున్నది ఆరుగురు అమ్మాయిలు. అందరూ చుట్టుపక్కల గూడేల వాళ్లే, చదువుకున్నవాళ్లే. అడవిలో దొరికే ఎండు కాయలు, ఆకులు, గడ్డికంకులు తెచ్చి, ఆరబెట్టి, రంగులేసి, గోడలకూ గుమ్మాలకూ అలంకారాలుగా చేసి అమ్మడం మా పని. తాళాలు తీసుకుంటూ ఒకమ్మాయి అంది: "మేడం, ఏమేం నేర్చుకున్నరో జర రాసియ్యుండ్రి. మేం గవే తప్పులు చెయ్యకుంట ఉంటం."

"నా తప్పులన్నీ రాస్తే చదివేసరికి నువ్వు రిటైరైతవ్," అన్నాను. అయినా రాయడానికి కూర్చున్నాను.

అనుమతులు, లైసెన్సులు, ఎగ్జిబిషన్లలో ఇచ్చిన శాలువాలు, వాటి సంగతి రాయను. కాగితాలన్నీ బీరువాలో ఉన్నాయి, వాటిని ఎలుకలు శ్రద్ధగా చదువుతున్నాయి. పనిలో నాకు బుద్ధి చెప్పిన రెండు మూడు సంగతులే రాస్తాను. వాటిలో ఒకటి గుర్తొస్తే ఇప్పటికీ ఒకసారి గట్టిగా ఊపిరి వదులుతాను. చివరికి అంతా మంచిగానే జరిగింది కాబట్టి ధైర్యంగా రాయగలుగుతున్నాను.

కొట్టు పిల్ల

నేను ఏన్కూరు కిరాణా కొట్టు పిల్లని. మా నాన్నది కిరాణం, పక్కన బాబాయిది బట్టల కొట్టు, ఎదురుగా మేనమామది ఇనుప సామాన్ల కొట్టు. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. మా నాన్న నేర్పిన సూత్రాలు రెండే. ఒకటి, కావలసిన వస్తువు వైపు చూడకు, పక్కదాన్ని చేతిలోకి తీసుకో. రెండు, ఎదుటివాడు 'కాదు' అంటే బేరం మొదలైందని అర్థం.

ఈ విద్యను నేను ఎక్కడా వదల్లేదు. ఒకసారి జ్వరమొస్తే దవాఖానాలో డాక్టరు మూడు సూదులు రాశాడు. "రెండు చాలవా సార్?" అన్నాను. ఆయన నా వైపు చూసి నాలుగు చేశాడు. నా బేరాల్లో ఓడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో అది మొదటిది. రెండోది మాకు పిట్టలు చేసిపెట్టే ముత్తమ్మతో. ఈ రాత ముఖ్యంగా ఆ రెండోదాని గురించే.

టప్‌మనాలి

మొదట్లో ఆ షెడ్డు నాది కాదు. హైదరాబాదు హోల్‌సేల్ వ్యాపారి శేషగిరి గారిది. నేను సరుకు కొని పెట్టే జీతగత్తెను. ఆయన నెలకోసారి వచ్చేవాడు. వచ్చి కూర్చునేవాడు కాదు, టీ తాగేవాడు కాదు. తిన్నగా గడ్డి కట్టల దగ్గరికి పోయి ఒక పుల్ల లాగి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. టప్‌మంటే కట్ట పక్కన పెట్టేవాడు. చప్పుడు లేకుండా వంగితే కట్ట మొత్తం విసిరేసేవాడు. పుల్ల ఎండకపోతే నన్ను తిట్టేవాడు, ఎండితే పొగిడేవాడు కాదు. మనిషిగా ఆయనంటే నాకు పెద్దగా ఇష్టం లేదు. కానీ ఈ పనిలో అక్షరాభ్యాసం చేయించింది ఆయనే.

ఆయన మాట వినక ఒక వానాకాలం నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఖమ్మంలో ఒక పెళ్లి మండపానికి తామరకాయలు బంగారు రంగులో కావాలన్నారు. తొందర పడ్డాను. పైకి ఎండినట్టే ఉన్నాయి కదా అని పెయింటు కొట్టించేశాను. లోపలి తేమ లోపలే ఉంది, గింజల్లోని పురుగులూ లోపలే ఉన్నాయి. మూడో రోజు మండపంలో లైట్ల వేడికి పురుగులన్నీ షికారుకు బయలుదేరాయి. ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

"ఏందమ్మా, బంగారు పువ్వులు నడుస్తున్నయి?"

నేను అక్కడే ఉన్నాను. డెకరేషన్ వాళ్ల మనిషిని కాదన్నట్టు భోజనాల వైపు నడిచాను. ఆకలి లేకపోయినా రెండుసార్లు వడ్డించుకున్నాను.

శేషగిరి గారు విని ఒకటే అన్నాడు. "రంగు తప్పును దాచదు, దాచిపెట్టి పెంచుతది." అమ్మాయిలూ, ఇది గోడ మీద రాసుకోండి. కాయను నీడలో ఆరబెట్టాలి. తిరగేయాలి. మళ్లీ ఆరబెట్టాలి. తామరకాయల్లో గింజలు తీసేయాలి. రంగు డబ్బా మూత తీయడం ఆ తర్వాత సంగతి.

కాదంటే ఎంత?

శేషగిరి గారు వ్యాపారం మానేశాక షెడ్డు నేను తీసుకున్నాను. అప్పుడు పిట్టలు మొదలుపెట్టాం. బూరుగుకాయ డొప్ప ఒళ్లు, మోదుగకాయలు రెక్కలు, ఈతాకు తోక. పసుపు, ఆకుపచ్చ రంగులు. కంటికి గురివింద గింజ. ఎర్రటి గింజకు నల్లటి చుక్క ఉంటుంది కదా, అతికించగానే పిట్ట మన వైపే చూస్తున్నట్టు ఉండేది. ఆ పిట్టల్ని గుమ్మం తెరలకు కట్టుకునేవాళ్లు. ఎన్ని చేసినా చాలేవి కావు.

పిట్టలన్నీ చేసేది ముత్తమ్మ ఇంట్లోనే. ముత్తమ్మ కోయ మనిషి, నా ఈడుదే. ఇద్దరు కోడళ్లను పెట్టుకుని వసారాలో పని చేయించేది. నన్ను 'సావుకారమ్మా' అని పిలిచేది. అందులో మర్యాద ఎంతో వెక్కిరింత ఎంతో నేను ఎన్నడూ తేల్చుకోలేదు.

ఆలస్యమంతా కళ్ల దగ్గరే. ఒక వైపు కన్ను తుమ్మబంకతో అతికించాలి, ఆరేదాకా ఆగాలి, పిట్టను తిప్పి రెండోది అతికించాలి, మళ్లీ ఆగాలి. నాకు ఒక ఉపాయం తట్టింది. గింజకు బెజ్జం పెడితే, పిట్ట తలలోంచి సన్నని తీగ దూర్చి రెండు కళ్లనూ ఒక్క మెలికతో బిగించవచ్చు. మేనమామ కొట్టుకు పోయి, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు తెచ్చాను. పట్టుకెళ్లి ముత్తమ్మ ముందు పెట్టాను.

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"గురిగింజకు బెజ్జం పెట్టద్దు."

"ఎంత చెయ్యమంటవ్?"

"ఎంత ఏంది? పెట్టద్దంటున్న. దాని తోలు గట్టిగ ఉన్నన్ని దినాలే మంచిది. తోలు పోతే విషం."

"సరే, పిట్టకు రూపాయి ఎక్కువిస్త."

"సావుకారమ్మా, మా మేక రోట్లె నలిగిన గింజ తిని పడిపోయింది."

"రూపాయిన్నర. ఇగ మాట్లాడకు."

 ముత్తమ్మ డ్రిల్లు తీసుకుని ఇంట్లోకి పోయింది. నేను గెలిచాననుకుంటూ వచ్చాను. దారి పొడుగునా రెండు రూపాయల దాకా పోవలసిన బేరాన్ని రూపాయిన్నర దగ్గర ఆపినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

గురివింద నాకు కొత్త కాదు. మా నాన్న కొట్టు పక్కన కంసాలి గురివింద గింజలతోనే బంగారం తూచేవాడు. నాకు అది తూకపు గింజ, అంతే. విషం అని ఆమె చెప్పింది. కానీ మా వీధిలో పెరిగినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఎవరు ఏ కారణం చెప్పినా మా చెవిలో అది ధరగానే పడుతుంది. పాలు పొంగిపోతున్నాయని ఎవరైనా అరిస్తే, ఎంత తగ్గిస్తావని అడిగే మనుషులం.

ఫోను

ముత్తమ్మ ఇంట్లోనే ప్రతి పిట్ట తోకకూ నా ఫోను నంబరున్న చీటీ కట్టి, అక్కడి నుంచే మూటలుగా దుకాణాలకు పంపేవాళ్లు, నేను విప్పి చూసేదాన్ని కాదు. ఆ చీటీ ఆర్డర్ల కోసం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ నంబరుకు ఫోన్ వచ్చింది.

"పిట్టలు చేసేది మీరేనా? మా బాబు మీ పిట్ట కన్ను మింగిండు."

లావణ్య అనే అమ్మాయి. ఖమ్మం నుంచి. తెరకు కట్టిన పిట్టను ఆమె కొడుకు చింటూ లాగేశాడు. ఏడాదిన్నర పిల్లాడు. నోట్లో పెట్టుకుని చప్పరించాడు. బయటికి తీసేసరికి పిట్టకు ఒక కన్నే ఉంది. వాళ్లత్త గింజను గుర్తుపట్టి వెంటనే దవాఖానాకు పరుగెత్తమంది. ఇప్పుడు అక్కడి నుంచే మాట్లాడుతోంది.

ఫోను డాక్టరు తీసుకున్నాడు. "అమ్మా, ఒక్కటే చెప్పండి. ఆ గింజకు రంధ్రం చేశారా? పైతొక్క చెక్కుచెదరకుండా ఉంటే చాలాసార్లు మింగింది మింగినట్టే బయటికి వచ్చేస్తుంది. రంధ్రం ఉంటే లోపలి విషం కడుపులోకి దిగుతుంది. అలాగైతే బాబును ఇక్కడ ఉంచను, హైదరాబాదు పంపిస్తాను."

నా నాలుక మీదికి ముందుగా వచ్చిన మాట ఏమిటో దాచను. 'ఏం కాదు సార్, మంచి సరుకే.' పదేళ్ల వయసు నుంచీ కొట్టులో కూర్చుని అలవాటైన మాట. సగం దాకా వచ్చింది కూడా. వెనకాల పిల్లాడు ఏదో ఆటలో నవ్వుతున్నాడు. వాడి నవ్వు వినబడి నా మాట అక్కడే ఆగిపోయింది.

"ఉంది సార్. బెజ్జం నేనే పెట్టించిన."

 డాక్టరు వెంటనే ఎవరితోనో అంబులెన్స్ అన్నాడు. మళ్లీ నాతో, "చేసినవాళ్లను అడిగి ఖాయం చేసి చెప్పండి. రంధ్రం ఎంత పెద్దది, ఎంత లోతు. తొందరగా," అన్నాడు.

ముత్తమ్మ గూడెంలో ఫోన్లకు సిగ్నల్ రాదు. స్కూటీ తీశాను.

ముత్తమ్మ వాకిలి

ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. స్కూటీకి స్టాండు వేయడం మరిచిపోయి దిగాను, అది పూల మీద పడింది.

"ముత్తమ్మా, బెజ్జాలు ఎట్ల పెట్టినవ్? ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకా, సగమేనా?"

"ముందుగాల మంచినీళ్లు తాగు. మొఖం గట్లైందేంది?"

"బెజ్జం సంగతి చెప్పవే!"

"ఏ బెజ్జం?"

చెప్పాను. పిల్లాడు, కన్ను, డాక్టరు, అన్నీ ఒకే ఊపిరిలో. ముత్తమ్మ లేచి చూరులోకి చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ కవరు లాగింది. అందులో డ్రిల్లు. మేనమామ కొట్టులో వేసిన పిన్ను కూడా ఊడలేదు.

"ఇగో నీ మిషను. కట్ట ఇప్పలే. కళ్లన్నీ బంకతోనే పెట్టినం, ఎప్పటిలెక్కనే."

ఆ క్షణంలో నేను ఆమె కాళ్లు పట్టుకోవాల్సింది. కానీ నా నోటినుంచి వచ్చిన మాట వేరు.

"మరి రూపాయిన్నర ఎక్కువ తీసుకున్నవ్ కదా?"

"నువ్వే పెంచినవ్. నేనడిగిన్నా?"

అప్పటికీ నమ్మలేదు. నమ్మితే మా నాన్న బిడ్డను ఎలా అవుతాను? తయారై ఉన్న పిట్టలు గంపలో ఉంటే వాటిని నీళ్లలో ముంచాను. బంక కరిగి కళ్లు ఊడి వచ్చాయి. ఒక్కొక్క గింజనూ ఎండకు పట్టి, చుట్టూ తిప్పి, గోరుతో తడిమి చూశాను. కోడళ్లిద్దరూ పని ఆపి నన్నే చూస్తున్నారు. చిన్న కోడలు వాళ్ల భాషలో ఏదో అంది, పెద్దామె నవ్వు ఆపుకుంది. ఏ గింజకూ గీత కూడా లేదు.

సిగ్నల్ కావాలంటే జొన్నచేనులోని మంచె ఎక్కాలట. చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన ఎక్కాను. ముత్తమ్మ కింద నుంచి నెట్టింది.

"సార్, బెజ్జం లేదు. ఏ ఒక్కదానికీ లేదు."

"ఇందాక ఉందన్నారు కదా?"

"ఇందాక నాకు తెలిసింది గదే సార్. ఇప్పుడు కళ్లతోటి చూసి చెప్తున్న. తోలు గట్టిగుంది."

"బాబుకు దవడ పళ్లు ఇంకా రాలేదు. నమిలి ఉండడు. అయితే ఇక్కడే ఉంచి చూస్తాను. అది బయటికి వచ్చేదాకా నేను ఏ మాటా ఇవ్వలేను."

ఫోను పెట్టేసి మంచె మీదే కూర్చుండిపోయాను.  ముత్తమ్మ కూడా ఎక్కి పక్కన కూర్చుంది.

"బెజ్జం పెట్టలేదని నాతో ఒక్క మాట అనకపోతివి," అన్నాను.

"ఎందుకు పెట్టద్దో చెప్పిన. నువ్వు ధర చెప్పినవ్."

 

రెండు రోజులు

రెండు రోజులు నేను షెడ్డులో ఏ పనీ చేయలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను, మోగకపోతే ఇంకా భయపడ్డాను. మొదటి రోజు సాయంత్రం లావణ్యే చేసింది. పిల్లాడు హుషారుగానే ఉన్నాడు, పాలు తాగాడు, వాంతులు లేవు. మరునాడు పొద్దున మళ్లీ అదే మాట. పొద్దెక్కాక మళ్లీ మోగింది.

"ఆంటీ, వచ్చేసింది!"

గింజ ఎర్రగా, నల్లచుక్కతో, పోయింది పోయినట్టే వచ్చింది. నర్సు దాన్ని కడిగింది, డాక్టరు వెలుతురులో పెట్టి చూశాడు, పగులు లేదన్నాడు. రక్తపరీక్ష కూడా బాగుంది, ఇంకో రోజు చూసి పంపిస్తామన్నాడు. లావణ్య ఏడుస్తోంది, నవ్వుతోంది. ఒక పిల్లాడి దొడ్డి సంగతి వింటూ ఇద్దరు ఆడవాళ్లు అంతసేపు ఆనందంగా మాట్లాడుకోవడం లోకంలో ఎక్కడా జరిగి ఉండదు. ఫోను పెట్టేసి దొరికిన చోట కూలబడ్డాను. అది మూత తీసిన బంగారు రంగు డబ్బా. ఆ చీర ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఉతికినా పోలేదు, నేను పారేయనూ లేదు.

ఇక్కడ మీకు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బంకతో అతికించడం మంచిదని ఈ కథ నుంచి నేర్చుకోకండి. పిల్లాడు చప్పరిస్తే బంక కరిగింది కాబట్టే కన్ను ఊడింది. తీగతో బిగిస్తే ఊడకపోయేదేమో. కానీ ఊడితే మాత్రం నేను ఈ రాత రాస్తూ ఉండేదాన్ని కాదు. అసలు తప్పు బంకదీ కాదు, తీగదీ కాదు. చిన్నపిల్లలున్న ఇళ్లకు వెళ్లే వస్తువులో ఆ గింజ పెట్టడమే తప్పు. ముత్తమ్మ కూడా ఆ మాట ఒప్పుకుంది. "అడవిల పిల్లలకు అది ముట్టద్దని తెలుసు, పట్నం పిల్లలకు ఎవరు చెప్తరు?" అంది.

ఆ వారమే దుకాణాలన్నీ తిరిగాను. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం. అమ్ముడుపోని పిట్టల్ని వెనక్కి తెచ్చాను. అమ్ముడుపోయిన చోట్ల దుకాణదారుల చేత కొన్నవాళ్లకు ఫోన్లు చేయించాను. భద్రాచలంలో ఒకాయన, "మంచిగ అమ్ముడుపోతున్న సరుకును గుంజుకపోతున్నవేందమ్మా, ధర పెంచుతవా ఏంది?" అన్నాడు. నా జీవితంలో మొదటిసారి బేరం ఆడబుద్ధి కాలేదు. తెచ్చినవన్నీ నీళ్లలో ముంచి కళ్లు తీసి, ఆ గింజల్ని లోతుగా గొయ్యి తవ్వి పూడ్చాం. డ్రిల్లును మేనమామ కొట్టుకు పట్టుకెళ్లాను. ఆయన కొడుకు కవరు తిప్పి చూసి, "వాడకుండానే వాపసా అక్కా? నీ చేతిలో వాడని వస్తువు ఉంటదని ఎవడు నమ్ముతడు?" అని తీసుకోలేదు. ఇప్పుడది మీ షెడ్డు గోడకే వేలాడుతోంది, పిన్ను తీయకండి.

అప్పటి నుంచి మా పిట్టలకు కన్ను అంటే ఒక కాల్చిన చుక్క. తీగ కొసను పొయ్యిలో ఎర్రగా కాల్చి డొప్ప మీద ఒత్తుతాం, అంతే. తీగ నేను బెజ్జాల్లో దూర్చడానికి కొన్నదే. మునుపటి పిట్టలంత అందంగా ఉండవు. మన వైపు చూస్తున్నట్టు ఉండవు, కొంచెం నిద్రమొహం వేసుకున్నట్టు ఉంటాయి. అమ్మకం తగ్గింది. తగ్గనివ్వండి.

ఇంకొకటి. పనిచేసే మనిషి 'ఇది వద్దు' అంటే మీరు ముందు 'ఎందుకు' అనండి. 'ఎంత' అనేది తర్వాత. నేను ఆ రెండు మాటల వరుస మార్చుకోవడానికి ఒక పిల్లాడి ప్రాణం దాకా పోవలసి వచ్చింది.

చింటూ బేరం

నెల గడిచాక లావణ్య ఫోన్ చేసింది. "ఆంటీ, వాడు పిట్ట ఏదని ఒకటే ఏడుపు. తెర పట్టుకొని నిలబడుతుండు. కళ్లు లేని పిట్ట ఏమన్న ఉంటే ఇయ్యరా?"

నేను ముత్తమ్మను వెంటబెట్టుకుని పోయాను. ఆ పిట్టను ఆమే ప్రత్యేకంగా చేసింది. రంగు లేదు, బంక లేదు, ఊడివచ్చేది ఏదీ లేదు. ఉత్త డొప్ప, దారంతో కుట్టిన రెక్కలు, కాల్చిన రెండు చుక్కలు. అంత సాదా సరుకు నా షెడ్డు నుంచి అంతకుముందు బయటికి పోలేదు.

చింటూ చాప మీద కూర్చుని ఉన్నాడు. బొద్దుగా, నూనె రాసిన జుట్టుతో. ముత్తమ్మ పిట్టను వాడి చేతికిచ్చింది. వాడు ఒక్క క్షణం ఆలోచించకుండా నోట్లో పెట్టుకున్నాడు. లావణ్య, వాళ్లత్త, నేను, ముగ్గురం ఒకేసారి ముందుకు దూకాం. ముత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చూడనియ్యుండ్రి."

వాడు చప్పరించాడు. తీసి చూశాడు. కన్ను అక్కడే ఉంది. చిన్న గోరుతో గీకాడు. రాలేదు. పిట్టను తిప్పి రెండో కన్ను గీకాడు. అదీ రాలేదు. మా నలుగురి ముఖాల వైపూ ఒకసారి చూశాడు, ఇదేం సరుకు అన్నట్టు. తర్వాత దాన్ని గదిలో ఆ మూలకు విసిరికొట్టి, మంచినీళ్ల చెంబు కోసం తప్పటడుగులు వేసుకుంటూ పోయాడు.

ముప్పై ఏళ్లు సరుకు అమ్మాను. నచ్చలేదన్న ప్రతి మనిషితోనూ వాదించాను. నా సరుకును ఒకరు అలా విసిరికొడితే గుండె తేలికపడింది ఆ ఒక్కసారే.

ముత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"సావుకారమ్మా," అంది, "గీ బేరం కుదరలే. నడువు, బస్సు పోతది."